యజమాని అడిగిన ప్రశ్న: క్రీడా వ్యాపార నిర్వహణ విద్య పుట్టుకథపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

క్రీడా వ్యాపార నిర్వహణలో స్నాతకోత్తర పట్టా ఇచ్చే విద్యాశాఖ తన చరిత్రను 1957లో ఒక అమెరికన్ బేస్‌బాల్ జట్టు యజమాని రాసిన ఉత్తరంతో ప్రారంభించి చెప్పుకుంటుంది. ఆ పుట్టుకథ ఎవరి స్థానం నుంచి చెప్పబడిందో, అందులో ఆటగాడికీ ప్రేక్షకుడికీ ఊరికీ చోటు ఎందుకు దక్కలేదో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. అదే కాలంలో వెలువడిన ఆర్థికశాస్త్ర రచనలను, న్యాయస్థాన తీర్పులను, ఆటగాళ్ళ సంఘ చరిత్రను పక్కన పెట్టి ఆ కథను తిరిగి చదవడం ఇక్కడ అనుసరించిన పద్ధతి. భారత క్రికెట్ పాలనలోని 'యాజమాన్యం' భావనను చివరి భాగం చర్చిస్తుంది.

కీలకపదాలు: క్రీడా నిర్వహణ, స్నాతకోత్తర విద్య, యాజమాన్యం, రిజర్వు నిబంధన, ఆటగాళ్ళ సంఘం, ఐపీఎల్.

1. ప్రవేశిక

ప్రతి విద్యాశాఖకూ ఒక పుట్టుకథ ఉంటుంది. విద్యార్థి మొదటి వారంలో వినే ఆ కథ చరిత్రపాఠంలా కనిపించినా, నిజానికి ఆ శాఖ ఎవరికోసం పనిచేస్తుందో చెప్పే ప్రకటన. సాహిత్యచరిత్రలో యుగవిభజన ఎలాగైతే నిర్దోషమైన కాలసూచిక కాదో, ఒక వృత్తివిద్య తన ఆదిని ఎక్కడ నిలుపుకుంటుందన్నదీ నిర్దోషమైన విషయం కాదు. తెలుగులో సాహిత్య పరిశోధకులు ఈ మెలకువను చాలాకాలంగా పాటిస్తున్నారు. నిర్వహణశాస్త్రాల విషయంలో మాత్రం మనం ఇంకా పాఠ్యగ్రంథం చెప్పిన మాటను చెప్పినట్టే స్వీకరిస్తున్నాం.

క్రీడా నిర్వహణ ఇప్పుడు మన దేశంలోనూ స్నాతకోత్తర స్థాయికి వచ్చింది. మణిపూర్‌లోని జాతీయ క్రీడా విశ్వవిద్యాలయానికి 2018లో పార్లమెంటు చట్టం చేసింది. నిర్వహణ సంస్థలు క్రీడా నిర్వహణలో డిప్లొమాలు ఇస్తున్నాయి. అమెరికాకు ఈ చదువు కోసమే వెళ్తున్న తెలుగు విద్యార్థులూ ఉన్నారు. ఈ కోర్సుల పాఠ్యప్రణాళికలు చాలావరకు అమెరికన్ నమూనాను అనుసరించేవే. అందువల్ల ఆ నమూనా మూలాన్ని ప్రశ్నించడం పరాయి విషయం కాదు.

2. 1957 నాటి ఉత్తరం

కథ సంక్షిప్తంగా ఇది. బ్రూక్లిన్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు యజమాని వాల్టర్ ఓమాలీ 1957లో జేమ్స్ మేసన్ అనే ఆచార్యునికి ఉత్తరం రాశాడు. జట్లను, మైదానాలను, ప్రదర్శనశాలలను నడిపించేందుకు చదువు ద్వారానే సిద్ధమైన మనిషి ఎక్కడ దొరుకుతాడన్నది దాని సారాంశం. మేసన్ ఆ ప్రశ్నను మనసులో ఉంచుకున్నాడు. తరువాత ఒహాయో విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ 1966లో క్రీడా నిర్వహణలో తొలి స్నాతకోత్తర కోర్సును ప్రారంభించాడు. 1971లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం అదే బాటపట్టింది. 1985లో ఉత్తర అమెరికా క్రీడా నిర్వహణ పరిశోధక సంఘం ఏర్పడింది. 1987లో దాని పత్రిక వెలువడింది. ఇక్కడితో ఒక విద్యాశాఖ పుట్టి, పెరిగి, స్థిరపడినట్టు లెక్క.

ఈ కథలో అసత్యం లేదు. లోపం దాని అంచుల్లో ఉంది. 1957 అనే సంవత్సరాన్ని పాఠ్యగ్రంథం ఉత్తరం దగ్గర ఆపేస్తుంది. ఆ సంవత్సరం అక్కడితో ఆగలేదు. అదే ఏడాది అక్టోబరు 8న ఓమాలీ సంస్థ తన జట్టును బ్రూక్లిన్ నుంచి లాస్‌ఏంజెలిస్‌కు తరలిస్తున్నట్టు ప్రకటించింది. రెండేళ్ళ క్రితమే, 1955లో, ఆ జట్టు మొదటిసారి ప్రపంచ సిరీస్ గెలిచింది. 1947లో జాకీ రాబిన్‌సన్ ఆధునిక మేజర్ లీగులలో వర్ణరేఖను దాటి అడుగుపెట్టింది ఆ జట్టుతోనే, ఆ మైదానంలోనే. ఎబెట్స్ ఫీల్డ్ అనే ఆ మైదానాన్ని 1960లో కూల్చివేశారు. తరువాత అక్కడ నివాస భవనాలు లేచాయి.

ఓమాలీని ప్రతినాయకునిగా చిత్రించడం ఇక్కడి ఉద్దేశం కాదు. బ్రూక్లిన్‌లోనే కొత్త మైదానం కట్టాలని అతడు ప్రయత్నించిన మాట నిజం. కోరిన స్థలాన్ని సేకరించి ఇచ్చేందుకు న్యూయార్క్ నగర నిర్మాణ వ్యవహారాలను శాసించిన రాబర్ట్ మోజెస్ అంగీకరించలేదు; క్వీన్స్‌లో మరో స్థలం చూపాడు. తప్పు ఎవరిదన్నది చరిత్రకారులు ఇప్పటికీ తెగని వాదంగానే ఉంచారు. విద్యాశాఖకు కావలసింది తీర్పు కాదు, ప్రశ్న. ఒక ఊరి ప్రజలు తరతరాలుగా తమదనుకున్న జట్టును ఒక వ్యక్తి సంతకంతో మూడువేల మైళ్ళ అవతలికి తీసుకుపోవచ్చునా? పోవచ్చునంటే ఏ హక్కుతో? క్రీడా నిర్వహణలో ఇంతకంటే మౌలికమైన ప్రశ్న ఉంటుందని నేననుకోను. ఆ ప్రశ్నకు అక్షరాలా కారకుడైన వ్యక్తినే విద్యాశాఖ తన మూలపురుషులలో ఒకనిగా నిలుపుకుంది; ప్రశ్నను మాత్రం వదిలేసింది.

రెండో కొస లాస్‌ఏంజెలిస్‌లో ఉంది. డాడ్జర్ స్టేడియం వెలసిన చావెజ్ రవీన్ లోయలో మెక్సికన్ మూలాలున్న కుటుంబాల పల్లెలు ఉండేవి. 1950ల మొదట్లో ప్రభుత్వ గృహనిర్మాణ పథకం పేరిట వారిలో అత్యధికులను ఖాళీ చేయించారు. ఆ పథకం రాజకీయ కారణాలతో రద్దయింది. నగరపాలకులు ఆ భూమిని జట్టుకు ఇచ్చేందుకు ఒప్పుకున్నారు. మిగిలిన కొద్ది కుటుంబాలను 1959 మే నెలలో పోలీసులు ఇళ్ళలోంచి బయటికి లాగిన దృశ్యాలు టెలివిజన్‌లో ప్రసారమయ్యాయి. 1962 ఏప్రిల్‌లో అక్కడ మొదటి ఆట జరిగింది. ఇళ్ళు ఖాళీ చేయించింది మొదట స్టేడియం కోసం కాదన్న సూక్ష్మాన్ని విడవకూడదు. కాని ఇళ్ళ కోసమని తీసుకున్న నేల చివరికి ఎవరికి చేరిందన్నదీ విడవరాని విషయమే. ప్రాజెక్టుల కింద ఊళ్ళు పోగొట్టుకున్నవారిని ఎరిగిన తెలుగు పాఠకునికి, ఒక అవసరం పేర సేకరించిన భూమి మరో అవసరానికి మళ్ళడం వివరించి చెప్పనక్కరలేదు.

అంటే ఉత్తరం రాసిన చేతికి అటు ఒక ఊరు, ఇటు ఒక లోయ ఉన్నాయి. 'సౌకర్యాల నిర్వహణ' అనే పేపరులో విద్యార్థి పార్కింగు స్థలం, సీట్ల అమరిక, అగ్నిమాపక నిబంధనలు నేర్చుకుంటాడు. అవి అవసరమే. సౌకర్యం కింద ఉన్న నేల ఎవరిదన్న ప్రశ్నకు ఆ పేపరులో సాధారణంగా అధ్యాయం ఉండదు.

3. ఆర్థికశాస్త్రం అప్పటికే చెప్పిన మాట

ఉత్తరానికి ఒక సంవత్సరం ముందు, 1956లో, సైమన్ రాటెన్‌బర్గ్ అనే ఆర్థికవేత్త బేస్‌బాల్ ఆటగాళ్ళ శ్రామిక విపణిపై ఒక వ్యాసం ప్రచురించాడు. క్రీడా ఆర్థికశాస్త్రానికి అదే ఆదివ్యాసంగా గుర్తింపు పొందింది. అప్పట్లో బేస్‌బాల్‌లో రిజర్వు నిబంధన అమలులో ఉండేది. ఒకసారి ఒక జట్టుతో సంతకం చేసిన ఆటగాడు ఆ జట్టు వదిలితే తప్ప మరో జట్టుకు ఆడడానికి వీలులేదు; జట్టు మాత్రం అతనిని అమ్మవచ్చు, మార్చవచ్చు. ఈ కట్టుబాటు లేకపోతే ధనిక జట్లు మంచి ఆటగాళ్ళనందరినీ కొనివేస్తాయనీ, పోటీ చచ్చిపోతుందనీ యజమానుల వాదన.

రాటెన్‌బర్గ్ సమాధానం నిరాడంబరమైనది. ఆటగాడు ఏ జట్టుకు ఎక్కువ ఆదాయం తేగలడో, నిబంధన ఉన్నా లేకున్నా చివరికి ఆ జట్టుకే చేరుతాడు. నిబంధన ఉంటే ఒక యజమాని అతనిని మరో యజమానికి అమ్ముతాడు. లేకపోతే అతడే వెళ్తాడు. ప్రతిభ పంపిణీ మారదు, డబ్బు ఎవరి జేబులోకి వెళ్తుందన్నదే మారుతుంది. కనుక పోటీ సమతూకం పేరిట చెప్పే వాదం నిజానికి ఆదాయం వాటాను గురించిన వాదం. ఈ సిద్ధాంతం వెనుక జట్లు లాభాన్నే కోరుతాయనే ఊహ ఉన్నది. ఆ ఊహను తరువాతివారు ప్రశ్నించారు. అయినా యజమాని సొంత ప్రయోజనాన్ని ఆట ప్రయోజనంగా చెప్పుకునే తీరును అది బయటపెట్టింది.

1964లో వాల్టర్ నీల్ మరో విశేషాన్ని పట్టుకున్నాడు. మామూలు వ్యాపారికి పోటీదారుడు లేకపోవడమే భాగ్యం. బాక్సింగ్ విజేత జో లూయిస్‌కు మాక్స్ ష్మెలింగ్ వంటి బలమైన ప్రత్యర్థి లేకపోతే టికెట్టు కొనేవాడే ఉండడు. ప్రత్యర్థిని పూర్తిగా నాశనం చేసిన మల్లుడు తన జీవనోపాధిని తానే నాశనం చేసుకున్నట్టు. అందుచేత లీగు అంతా కలిసి ఒక సంస్థ, జట్లు దాని కర్మాగారాల వంటివి అని నీల్ ప్రతిపాదించాడు. ఆట తక్కిన వ్యాపారాలకంటే భిన్నమైనదన్న మాటకు విద్యాశాఖలో ఇంత గౌరవం రావడానికి మూలం ఇదే.

ఇక్కడ ఒక చిక్కుంది. 'ఆట భిన్నమైనది' అన్న వాక్యాన్ని ఎవరు పలుకుతున్నారన్నదాన్ని బట్టి దాని అర్థం మారుతుంది. నీల్ పలికితే అది విశ్లేషణ. 1922లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానం బేస్‌బాల్ ప్రదర్శన అంతర్రాష్ట్ర వాణిజ్యం కాదని చెప్పి గుత్తాధిపత్య నిరోధక చట్టం నుంచి దానిని బయట ఉంచినప్పుడు అదే వాక్యం కవచం. 1957లోనే, అదే న్యాయస్థానం ఫుట్‌బాల్‌కు ఆ కవచం వర్తించదని తీర్పునిచ్చింది. బేస్‌బాల్‌కు మాత్రం అలాగే ఉంచింది. ఒకే స్వభావం గల రెండు ఆటలలో ఒకటి వాణిజ్యం, మరొకటి కాదు! పాఠ్యగ్రంథాలు విశ్లేషణనూ కవచాన్నీ ఒకే పేరాలో కలిపి చెప్పడం వల్ల విద్యార్థి రెండింటినీ ఒకటిగానే మోసుకుపోతాడు.

4. 1966: రెండు బడులు

ఒహాయోలో మేసన్ తరగతి మొదలైన 1966లోనే మరో బడి మొదలైంది. దానికి భవనం లేదు, పట్టా లేదు. ఉక్కు కార్మికుల సంఘంలో ఆర్థికవేత్తగా పనిచేసిన మార్విన్ మిల్లర్ ఆ ఏడాది బేస్‌బాల్ ఆటగాళ్ళ సంఘానికి నాయకునిగా ఎన్నికయ్యాడు. వసంతకాలపు శిక్షణ శిబిరాలకు ఒక్కొక్కదానికీ వెళ్ళి ఆటగాళ్ళతో కూర్చుని మాట్లాడాడు. వారిలో చాలామంది ఆడడానికి డబ్బు దొరకడమే తమ అదృష్టమనుకునేవారు. తమ సంతకం కింద ఏముందో వారికి వాక్యం వాక్యంగా విప్పి చెప్పడమే మిల్లర్ చేసిన బోధన. 1968లో వృత్తిక్రీడల చరిత్రలోనే తొలి సామూహిక బేరసారాల ఒప్పందం కుదిరింది. కనీస వార్షిక వేతనం 6,000 డాలర్ల నుంచి 10,000 డాలర్లకు పెరిగింది. 1970లో, వివాదాలను స్వతంత్ర మధ్యవర్తి పరిష్కరించాలన్న నియమం వచ్చింది.

ఈ బడిలోంచి వచ్చినవాడే కర్ట్ ఫ్లడ్ అనడం పూర్తిగా సరికాదు. అతని ధిక్కారం అతనిది. 1969లో సెయింట్ లూయిస్ జట్టు తనను ఫిలడెల్ఫియాకు మార్చినప్పుడు అతడు వెళ్ళనన్నాడు. తన ఇష్టంతో పనిలేకుండా కొని అమ్మదగిన ఆస్తిని కానని బేస్‌బాల్ కమిషనర్‌కు ఉత్తరం రాశాడు. సంఘం వ్యాజ్యానికి అండగా నిలిచింది. రాబిన్‌సన్ వంటి పూర్వ ఆటగాళ్ళు వచ్చి సాక్ష్యం చెప్పారు. అప్పుడు ఆడుతున్నవాడు ఒక్కడూ విచారణకు రాలేదు. 1972లో సర్వోన్నత న్యాయస్థానం 5–3 మెజారిటీతో అతనికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. 1922 నాటి మినహాయింపు అసంగతమని ఒప్పుకుంటూనే, దానిని సరిచేయవలసింది చట్టసభ అన్నది. ఫ్లడ్ ఆట అప్పటికే ముగిసింది. మూడేళ్ళకు, 1975 డిసెంబరులో, పీటర్ సీట్జ్ అనే మధ్యవర్తి ఇచ్చిన నిర్ణయంతో రిజర్వు నిబంధన కూలింది. యజమానులు వెంటనే సీట్జ్‌ను పదవినుంచి తొలగించారు. ఆ నిర్ణయం వెనుక ఉన్నది 1970లో మిల్లర్ సాధించిన మధ్యవర్తిత్వ నియమమే.

ఈ పరిణామాలు ఏ స్నాతకోత్తర కోర్సులోనూ చెప్పరని నేననడం లేదు. 'క్రీడా న్యాయం' పేపరులో ఫ్లడ్ కేసు తప్పనిసరి. పుట్టుకథ స్థానంలో అది ఎందుకు లేదన్నదే ప్రశ్న. 1966లో రెండు బడులు మొదలైతే, ఒకటి విద్యాశాఖ చరిత్ర అయింది, రెండోది ఒక పేపరులోని కేసు అయింది. బేస్‌బాల్ కీర్తిమందిరం సైతం ఇదే వరుసను పాటించింది. 2007 డిసెంబరు నాటి ఎంపికలో ఓమాలీ నెగ్గాడు, మిల్లర్ నెగ్గలేదు. 2012లో మిల్లర్ మరణించాడు. 2019లో అతనిని ఎన్నుకున్నారు.

5. ఆవరణలోనే ఉన్న పరిశ్రమ

ఈ విద్యాశాఖకు ఒక విచిత్ర స్థితి ఉంది. గనులశాస్త్రం బోధించే విశ్వవిద్యాలయం ఆవరణలో గని ఉండదు. అమెరికాలో క్రీడా నిర్వహణ బోధించే విశ్వవిద్యాలయాలలో అనేకం స్వయంగా క్రీడా పరిశ్రమలో పెద్ద వ్యాపారులు. పాఠం చెప్పే గదికి కూతవేటు దూరంలో వేలాదిమంది కూర్చునే మైదానం, కోట్ల డాలర్ల ప్రసార ఒప్పందం, వేతనం లేని ఆటగాడు ఉండేవారు.

'విద్యార్థి-క్రీడాకారుడు' అనే సమాసాన్ని మనం ఇప్పుడు సహజపదంగా వాడుతున్నాం. 1950లలో కళాశాల క్రీడాసంఘం కార్యనిర్వాహక అధిపతి వాల్టర్ బయర్స్ ఆధ్వర్యంలో అది ప్రచారంలోకి వచ్చింది. ఆటగాళ్ళను ఉద్యోగులుగా గుర్తిస్తే కార్మిక నష్టపరిహారం ఇవ్వవలసివస్తుందన్న భయం దానికి నేపథ్యమని బయర్స్ 1995 నాటి తన పుస్తకంలో తానే అంగీకరించాడు. కొలరాడోలో ఫుట్‌బాల్ ఆడుతూ గాయపడి మరణించిన ఒక విద్యార్థి భార్యకు పరిహారం రాదని ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానం తీర్పునిచ్చింది. ఆ తీర్పు సంవత్సరమూ 1957. ఒక పదబంధం ఒక కుటుంబానికి రావలసిన దానిని ఎలా ఆపగలదో గమనించడం భాషా పరిశోధకుల పని కూడా. పర్యాయపదకోశాలలో ఇటువంటి పదాల పక్కన వాటిని పుట్టించిన వ్యాజ్యాల పేర్లూ ఉండాలనిపిస్తుంది.

2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం 9–0తో, విద్యకు సంబంధించిన ప్రయోజనాలపై క్రీడాసంఘం విధించిన పరిమితులు చెల్లవన్నది. 2025 జూన్‌లో ఆమోదం పొందిన హౌస్ ఒప్పందంతో విశ్వవిద్యాలయాలు ఆటగాళ్ళకు నేరుగా చెల్లించే వీలు కలిగింది. మొదటి ఏడాదికి ఒక్కో సంస్థకు పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. పూర్వపు ఆటగాళ్ళకు సుమారు 280 కోట్ల డాలర్ల పరిహారం. ఈ మార్పును తెచ్చినవి వ్యాజ్యాలు. ముద్దాయి స్థానంలో నిలిచినది విశ్వవిద్యాలయాల కూటమి. ఈ విద్యాశాఖలోని విమర్శకులు లోపల నుంచి మాట్లాడినా, వారి మాట కంటే న్యాయవాది మాటే ముందు చెల్లింది.

ఆటగాడికి పట్టిన గతి కొంతవరకు నిర్వహణ విద్యార్థికీ పడుతుంది. ఈ కోర్సులలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి భాగం. జట్టు కార్యాలయంలో టికెట్ల అమ్మకం, ఆటరోజు ఏర్పాట్లు, సామాజిక మాధ్యమాల పని చేసే యువకులలో చాలామందికి వేతనం స్వల్పం, కొందరికి అసలే లేదు. పైపెచ్చు, ఆ పనికి క్రెడిట్లు ఇస్తారు కనుక దానికి రుసుము కట్టేదీ వారే. ఆటపై ప్రేమే వేతనంలో కోతకు సమర్థన అవుతుంది. మిల్లర్ శిబిరాలలో చూసిన 'అదృష్టవంతుల'కూ వీరికీ పోలిక కనబడకపోదు. మనదేశం నుంచి వెళ్ళినవారికి ఇంకో ముడి ఉంది. చదువు ముగిశాక అక్కడ పనిచేసే అనుమతి విజ్ఞాన సాంకేతిక శాఖలవారికి పొడిగింపుతో మూడేళ్ళు ఉంటే, ఆ జాబితాలో లేని సాధారణ క్రీడా నిర్వహణ పట్టాకు పన్నెండు నెలలే. తక్కువ జీతంతో ఎదురుచూసి పైకి రావడమనే పద్ధతి వారికి కాలం దృష్ట్యానే అందదు. చేరేముందు తెలుసుకోవలసిన మొదటి విషయం ఇది.

6. 'యాజమాన్యం' అనే మాట

తెలుగులో ఈ శాస్త్రానికి పేరు పెట్టబోతే భాషే ఒక చర్చ లేవదీస్తుంది. 'నిర్వహణ' అనవచ్చు; 'యాజమాన్యం' అనీ అంటున్నాం. రెండో మాటలో సొంతదారు, నడిపేవాడు అనే ఇద్దరూ ఒక్కటైపోయారు. 'కళాశాల యాజమాన్యం' అన్నప్పుడు ప్రిన్సిపాలు స్ఫురించడు, సొసైటీ కార్యదర్శి స్ఫురిస్తాడు. మూలంలో యజమానుడు యజ్ఞం చేయించేవాడు. క్రతువు చేసేది ఋత్విక్కులు, ఫలం యజమానునిది, ఋత్విక్కులకు దక్షిణ. రాటెన్‌బర్గ్ చెప్పిన సంబంధం ఈ మాట వ్యుత్పత్తిలో ముందే ఒదిగి ఉన్నట్టు కనిపిస్తుంది.

మన క్రికెట్ చరిత్ర ఇందుకు నిదర్శనం. 1932లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకు నాయకుడు పోర్‌బందర్ మహారాజు. టెస్టు రోజున ఆయన తప్పుకున్నందువల్ల తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె. నాయుడు తొలి టెస్టు నాయకుడయ్యాడు. 1936 పర్యటనకు నాయకుడు విజయనగరం మహారాజకుమార్, విజ్జీగా ప్రసిద్ధుడు. క్రికెట్ పోషణకు ఆయన ధనం ఖర్చుచేశాడు, 1930–31లో హాబ్స్, సట్‌క్లిఫ్ వంటివారిని రప్పించాడు. ఆ మూడు టెస్టులలో ఆయన చేసినవి 33 పరుగులు. అదే పర్యటనలో లాలా అమర్‌నాథ్‌ను మధ్యలో ఇంటికి పంపించారు. జట్టులో నాయుడు ఉండగా పోషకుడే నాయకత్వం వహించాడు. యజమాని తానే ఋత్విక్కు స్థానంలో కూర్చున్న సందర్భమది. 1954–56 మధ్య ఆయన బోర్డు అధ్యక్షుడు కూడా.

సంస్థానాలు పోయాయి, పద్ధతి పోలేదు. 2008లో ఐపీఎల్ ప్రారంభమైనప్పుడు, బోర్డు పాలకులకు బోర్డు పోటీలలో వాణిజ్య ప్రయోజనం ఉండరాదన్న 6.2.4 నియమాన్ని సవరించి, ఐపీఎల్‌కు మినహాయింపు ఇచ్చారు. అంటే నియమాలు చేసేవాడే ఒక జట్టుకు సొంతదారు కావచ్చు. 2015 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టివేసింది. బోర్డు రాజ్యాంగపు 12వ అధికరణ కింద 'రాజ్యం' కాదన్న 2005 నాటి నిర్ణయం నిలిచే ఉన్నా, అది నిర్వర్తించేవి ప్రజావిధులే కనుక 226వ అధికరణ కింద హైకోర్టుకు జవాబుదారీ అని స్పష్టం చేసింది. నా దృష్టిలో మన క్రీడా నిర్వహణ విద్యార్థికి ఓమాలీ ఉత్తరంకంటే ఈ తీర్పే ఆదిపాఠం కాదగినది. యాజమాన్యం అనే మాటలో కలిసిపోయిన రెండు అర్థాలను విడదీసింది ఈ తీర్పే.

హైదరాబాదుకు బ్రూక్లిన్ అనుభవం మరో రూపంలో ఎదురైంది. డెక్కన్ క్రానికల్ సంస్థ 10 కోట్ల 70 లక్షల డాలర్లకు కొన్న డెక్కన్ చార్జర్స్ 2009లో దక్షిణాఫ్రికాలో టైటిల్ గెలిచింది. యాజమాన్య సంస్థ అప్పులలో కూరుకుపోగా 2012 సెప్టెంబరులో బోర్డు ఆ ఫ్రాంచైజీని రద్దుచేసింది. అక్టోబరులో సన్ టీవీ సంస్థ హైదరాబాదు హక్కును పొందింది; సన్‌రైజర్స్ వచ్చింది. తరువాతి వివాదం మధ్యవర్తి ముందుకూ, బొంబాయి హైకోర్టుకూ వెళ్ళింది. వేల కోట్ల మాట వినవచ్చింది. ఆ వ్యాజ్యంలో పక్షాలు రెండే: పాత యజమాని, బోర్డు. జట్టు పాటలు పాడిన ఊరికి అందులో స్థానం లేదు. ఉండాలని ఎవరూ అడగనూ లేదు. జర్మనీ ఫుట్‌బాల్‌లో క్లబ్బు సభ్యులకే ఓట్ల ఆధిక్యం ఉండాలన్న 50+1 నియమం, అమెరికాలోనే ఊరివారు వాటాదారులుగా ఉన్న గ్రీన్‌బే ఫుట్‌బాల్ జట్టు ఈ సందర్భంలో చదవదగిన ఉదాహరణలు. అవి దోషరహితాలని కాదు. ప్రత్యామ్నాయం ఊహకందనిది కాదని చూపడానికి.

2023–27 కాలానికి ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడయ్యాయి. ఇంత సంపన్నమైన పోటీలో ఆడుతున్న భారతీయ క్రీడాకారులకు సంఘం లేదు. లోధా సంఘం సిఫారసుల తరువాత 2019లో ఏర్పడిన క్రికెటర్ల సంఘం రిటైరైనవారికి మాత్రమే. ఫ్లడ్ అభ్యంతరం చెప్పిన అమ్మకాన్ని మనం వేలంపాటగా టెలివిజన్‌లో చూస్తున్నాం. ఆటగాడు ఇష్టపడే పేరు నమోదుచేసుకుంటాడు, మంచి ధర పలుకుతుంది, నిజమే. ధర బాగుంటే షరతులు చదవనక్కరలేదన్నది మాత్రం మిల్లర్ ఒప్పుకోని వాదం. మన నిర్వహణ కోర్సులలో వేలంలో జట్టు ఎలా పాడాలో నేర్పే అభ్యాసం ఉంటుంది. అదే వేలంలో ఆటగాడి పక్షాన ఒప్పందం ఎలా రాయాలో నేర్పే అభ్యాసం ఉందా అన్నది ఆయా పాఠ్యప్రణాళికలు ముందేసుకుని చూసుకోవలసిన విషయం.

7. లోపలి గొంతులు

ఈ విద్యాశాఖలో అందరూ యజమాని గొంతుతోనే మాట్లాడారనడం అన్యాయం. సెంట్రల్ ఫ్లారిడా విశ్వవిద్యాలయంలోని క్రీడా వ్యాపార నిర్వహణ కోర్సును నిర్మించిన రిచర్డ్ లాప్‌చిక్, దక్షిణాఫ్రికా జాతివివక్షకు వ్యతిరేకంగా క్రీడారంగంలో పోరాడి 1978లో దాడికి గురైనవాడు. వృత్తిజట్ల నియామకాలలో వర్ణ, లింగ వివక్షను లెక్కగట్టే నివేదికలను ఏటేటా ప్రకటించాడు. అయితే ఆ కోర్సుకున్న పేరు డివోస్ కుటుంబానిది. ఓర్లాండో బాస్కెట్‌బాల్ జట్టు యజమానులు వారే. యజమాని ధనంతో యజమానులకు మార్కులు వేసే పని సాగింది. ఇది ఈ శాఖ శక్తీ, పరిమితీ కూడా. ఆ నివేదికలు నియామకాలను లెక్కించాయి, యాజమాన్య హక్కును లెక్కించలేదు.

ప్యాకియనాథన్ చెల్లాదురై మాట ఇక్కడ తలచుకోవాలి. మద్రాసు వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలలో చదివి, కెనడాలో నిర్వహణశాస్త్రంలో డాక్టరేటు చేసి, క్రీడా నాయకత్వంపై బహుముఖ నమూనాను ప్రతిపాదించిన పండితుడాయన. ఆ కళాశాల 1920లో హారీ క్రో బక్ స్థాపించినది; నేటి కోస్తాంధ్ర, రాయలసీమ ప్రాంతాలు అప్పటి మద్రాసు రాజధానిలోనివే. ఆయన నమూనాలో శిక్షకుని ప్రవర్తన సరైనదా కాదా అని తేల్చే అంశాలలో ఆటగాడు కోరుకునేది ఒకటి. ఆటగాడి ఇష్టాయిష్టాలను కొలవదగిన విషయంగా నిలిపినవాడు జట్టు యజమాని ఇచ్చిన ప్రశ్నతో కాక, వ్యాయామోపాధ్యాయుని అనుభవంతో ఈ రంగంలోకి రావడం యాదృచ్ఛికం కాదనుకుంటాను. మన విశ్వవిద్యాలయాల వ్యాయామవిద్య శాఖలు నిర్వహణ కోర్సులు మొదలుపెట్టే సందర్భంలో, వాణిజ్యశాఖ ఇచ్చే పాఠ్యప్రణాళికకు అనుబంధంగా మిగిలిపోతే ఈ వారసత్వం చేజారుతుంది.

2025 నాటి జాతీయ క్రీడా పాలన చట్టం క్రీడాసమాఖ్యల కార్యవర్గాలలో క్రీడాకారులకు స్థానం కల్పించింది, వివాదాలకు ప్రత్యేక ట్రిబ్యునల్‌ను ఏర్పాటుచేసింది. ఆ స్థానాలలో కూర్చునే క్రీడాకారులకు లెక్కలు, నియమావళి, ఒప్పందం చదివే శిక్షణ ఎవరిస్తారన్నది ఇప్పుడు తేలవలసిన సంగతి. అది స్నాతకోత్తర పట్టాగానే ఉండనవసరం లేదు; పదోతరగతితో ఆపి కబడ్డీ కూతకు వెళ్ళినవారికీ అందవలసిన చదువది. ఇక పట్టా కోసం వచ్చినవారి విషయానికొస్తే, మొదటి వారంలో మేసన్‌కు వచ్చిన ఉత్తరాన్ని చదివించడం మానవలసిన పనిలేదు. దాని పక్కనే ఫ్లడ్ రాసిన ఉత్తరాన్నీ పెట్టి, రెండింటినీ ఒకే తరగతిలో చదివించవచ్చు. ఫ్లడ్ ఉత్తరం ఒక పుటకు మించదు.